మామిడి గంపలో పంపు

మా నూజివీడులో మడి కట్టుకునేవాళ్ళు చాలామందే ఉండేవారు కానీ, చిన్నరాయప్ప బాబాయ్ మడి నేను ఇంకెవరి దగ్గరా చూడలేదు. ఆయన ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్ళే మనిషి. మిగతా ఆరు రోజులూ లారీల డీజిల్ పంపులు బాగుచేసేవాడు. పంపు విప్పాలంటే ముందు షెడ్డులో నేల కడగాలి. ఆరాక ఉతికిన పంచె పరవాలి. చెప్పులు బయటే. బీడీ వెలిగిస్తే పని ఆగిపోయేది. మే నెల ఉక్కలో చొక్కా తడిసిపోతున్నా ఫ్యాను వేయనిచ్చేవాడు కాదు, దుమ్ము లేస్తుందని.

"మా పూజారి గారికి కూడా ఇంత మడి లేదు బాబాయ్" అని ఏడిపించేవాణ్ణి.

"మీ దేవుడు క్షమిస్తాడురా యలమందా. పంపు క్షమించదు. నలక పడిందా, అంతే సంగతులు" అనేవాడు.

యలమందని నేనే. మాది ముసునూరు. పదేళ్ళు క్లీనరుగా లారీ టైర్ల వెనక రాళ్ళు పెట్టి, ఎనభై మూడు సంక్రాంతి వెళ్ళాక స్టీరింగు పట్టాను. మామిడి వ్యాపారి శ్రీమన్నారాయణ గారి బండి అది. నా చేతికి పని వచ్చినంత తొందరగా నోటికి అదుపు రాలేదని మా ఆవిడ మంగమ్మ ఇప్పటికీ అంటుంది. నిజమే.

ఆ ఏడు కాపు విరగకాసింది. సరిగ్గా కోతల మొదట్లో మా బండి పంపు పూర్తిగా పోయింది. కొత్తది రావాలంటే నెల పడుతుందన్నారు. మామిడికాయ నెల ఆగదు. చిన్నరాయప్ప బాబాయ్ ఆలోచించి, బెజవాడలో తనతో పాటు పని నేర్చుకున్న జోజిబాబు పాత లారీ పంపు ఒకటి విప్పి బాగుచేసి పెట్టాడనీ, వాడి పనికి తనది పూచీ అనీ చెప్పాడు. ఓనరు గారు నన్నే వెళ్ళి చూసి తెమ్మన్నారు.

జోజిబాబు పంపును నా కళ్ళముందే ఆడించి చూపించాడు. తర్వాత దాని కన్నాలన్నిటికీ ప్లాస్టిక్ మూతలు బిగించాడు. నేను దాన్ని మామిడి గంపలో భద్రంగా సర్దుకుని, బస్సులో ఒళ్ళో పెట్టుకుని, హనుమాన్ జంక్షన్ మీదుగా చంటిబిడ్డను తెచ్చినట్టు తెచ్చాను. అంత జాగ్రత్త నేను మళ్ళీ జన్మలో పడలేదు.

చిన్నరాయప్ప బాబాయ్ బిగించాక సెల్ఫ్ కొట్టగానే బండి అందుకుంది. ఖాళీగా ఉన్నంతసేపూ పరుగెత్తింది. చిన్న రసాలు లోడెత్తుకుని మైలవరం రోడ్డు ఎక్కితే మాత్రం, ఎత్తు సగంలో దమ్ము తగ్గి ఆగిపోయింది. పది నిమిషాలు వదిలేస్తే ఏమీ ఎరగనట్టు మళ్ళీ స్టార్టయింది. నాలుగు బారలు ఎక్కి మళ్ళీ ఆగింది. ఆ లోడు రెండు రోజులు ఎండలో నిలబడి సగానికి సగం మెత్తబడింది.

ఓనరు గారు కేకలు వేయలేదు. "పంపు చూసి తెచ్చింది నువ్వు. తప్పు పంపుదైతే తాళాలు నా బల్ల మీద పెట్టి వెళ్ళు" అన్నారు. ఇంటికెళ్ళి మంగమ్మకు చెప్పలేకపోయాను. డ్రైవరు భార్యనని నలుగురిలో చెప్పుకోవడం మొదలుపెట్టి ఆమెకు నాలుగు నెలలే అయింది.

నాకు భయం వేస్తే కోపం వస్తుంది. తిన్నగా షెడ్డుకు వెళ్ళి, చెప్పులతోనే లోపలికి నడిచి, జోజిబాబునూ, అతని పనితనాన్నీ, పూచీ పడ్డ పెద్దమనిషినీ కలిపి కడిగేశాను. చిన్నరాయప్ప బాబాయ్ అంతా విని, "ముందు చెప్పులు విడువు" అన్నాడు.

ఆ రోజంతా వెతికాడు. చేతి పంపు కొట్టి గాలి తీశాడు. ఫిల్టరు మార్చాడు. ట్యాంకు మూత తీసి నడిపి చూశాడు. నాజిళ్ళు విప్పాడు. టైమింగు గుర్తులు సరిచూశాడు. అన్నీ బాగానే ఉన్నాయి. షెడ్డు ముందు బండి గడియారంలా ఆడుతోంది.

"ఖాళీ బండి అబద్ధాలు చెబుతుందిరా. లోడెత్తు. రేపు నేనూ వస్తాను" అన్నాడు.

మర్నాడు నా పక్కన కూర్చుని, ఇంజను మూత తెరిచి, ఆ వేడి మీదకు చెవి ఒగ్గి వచ్చాడు. బండి అదే ఎత్తులో, అదే చోట నీరసించింది. నేను తిట్లు అందుకునేలోపే ఆయన పానా పట్టుకుని దిగాడు. పంపుకు డీజిల్ తెచ్చే గొట్టం వదులు చేశాడు. డీజిల్ ధారగా పడింది.

"గుమ్మం దాకా వస్తోంది. లోపలికి వెళ్ళటం లేదు" అన్నాడు.

రోడ్డు పక్కనే ఉతికిన తువ్వాలు పరిచి, పంపు పక్క బిరడా విప్పి, లోపలికి చూశాడు. చాలాసేపు చూశాడు. ముల్లు తీసే చిమటాతో ఏదో పైకి లాగి అరచేతిలో పెట్టుకున్నాడు. మళ్ళీ ఇంకొకటి. గోరంత, గోరులో సగమంత, డీజిల్‌లో నాని ఉబ్బిన వరిగడ్డి ముక్కలు. లోడు మీద డీజిల్ జోరుగా పారినప్పుడు అవి వెళ్ళి లోపలి సన్న కన్నాలకు అడ్డం పడుతున్నాయి. ఇంజను ఆగగానే పక్కకు తేలుతున్నాయి.

మా వైపు పగిలేదైనా, నలిగేదైనా వరిగడ్డిలోనే సర్దుతాం. మామిడికాయైనా, కోడిగుడ్డయినా, గాజు సీసా అయినా అంతే. పంపు చుట్టూ, కిందా, పైనా గడ్డి కుక్కింది నేనే. కుదుపులకు ఊడి ఎక్కడ పడిపోతాయోనని, జోజిబాబు పెట్టిన మూతలన్నీ తీసి భద్రంగా జేబులో వేసుకుందీ నేనే. బిగించే ముందు వాటిని మళ్ళీ పెట్టి బాబాయ్ చేతికి ఇచ్చాను. మూతలు చూసి, లోపల శుభ్రంగానే ఉంటుందని నమ్మాడాయన. నమ్మి, తన మడిని ఆ ఒక్కసారికి సడలించాడు.

బిగించేటప్పుడు ఆయన తీసిచ్చిన ఆ మూతలు ఇంకా నా జేబులోనే ఉన్నాయి, తడుముకున్నాను. ఆయన నా చెయ్యి వైపు చూశాడు, అరచేతిలో గడ్డి వైపు చూశాడు. గడ్డి ముక్కలు తువ్వాలు మీద పెట్టాడు. డీజిల్‌తో లోపలంతా కడిగి, బిగించి, గాలి తీసి, ఆ ముక్కలు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు.

అప్పుడే ఓనరు గారి జీపు వచ్చి ఆగింది.

"దొరికిందా?" అన్నారు.

నేను నోరు తెరిచాను. చిన్నరాయప్ప బాబాయ్ గుప్పిట మూసుకుంది.

"వాషరు నేను తిరగేసి వేశానండి. కుర్రాడు మంచి పంపే తెచ్చాడు. తప్పు నాదేనండి" అన్నాడు.

నేల కడిగితే గానీ పంపు ముట్టని మనిషి, ఇరవై ఏళ్ళుగా పంపులు విప్పుతున్న మేస్త్రి, వాషరు తిరగేశానని చెప్పుకున్నాడు. ఓనరు గారు నమ్మారు. ఇక తన బండి ఆ షెడ్డు ముందు ఆగడానికి వీల్లేదన్నారు. నేను తెరిచిన నోరు మూసుకున్నాను. స్టీరింగు నాకు మిగిలింది. బండి అదే ఎత్తు హాయిగా ఎక్కింది. నాకు మాత్రం హాయి లేదు.

ఆపకూడదన్నారు గానీ, మెల్లగా పోకూడదని ఎవరూ అనలేదు. షెడ్డు ముందుకు రాగానే సెకండ్ గేరులోకి దించేవాణ్ణి. ఆయన విరిగిన లారీ సీటు మీద కూర్చుని తల పక్కకు వంచి వినేవాడు. బాగుంటే చెయ్యి ఎత్తేవాడు. రెండు వేళ్ళు చూపిస్తే ఫిల్టరు మార్చాలి. గుప్పిట తిప్పితే టైమింగు చూపించుకోవాలి. వేరే మేస్త్రి దగ్గర ఆ పనులు చేయించేవాణ్ణి. అలా అయిదేళ్ళు ఆ పంపును ఆయన ముట్టకుండా కాపాడాడు. రసాల వాసనా, డీజిల్ వాసనా కలిసి వస్తే ఇప్పటికీ నాకు ఆ సీటు, ఆ వంచిన తల గుర్తొస్తాయి.

ఎనభై ఎనిమిది మేలో ఒకరోజు, ఎక్కడో డ్రమ్ములోంచి పోయించుకున్న డీజిల్‌తో ఫిల్టరు పూడుకుపోయి బండి దగ్గుతూ వచ్చింది. క్లీనరుకు కూడా తెలుస్తోంది. ఆయన చెయ్యి ఎత్తాడు, బాగుందని. హారను కొట్టాను. తల తిప్పలేదు. బండి కళ్ళముందుకు వస్తే గానీ ఆయనకు నేను వచ్చినట్టు తెలియడం లేదని అప్పుడు అర్థమైంది. ఎన్నాళ్ళ నుంచి వినపడటం లేదో. నా ధైర్యం కోసం ఉట్టి చెయ్యి ఎత్తుతున్నాడు.

బండి అక్కడే ఆపేశాను. దిగి వెళ్ళి, "బాబాయ్, ఆ రోజు గడ్డి పెట్టింది నేను" అన్నాను. నవ్వి తల ఊపాడు. వినపడలేదు. కాస్త గట్టిగా చెప్పాను. మళ్ళీ అదే నవ్వు. అయిదేళ్ళు నోట్లో దాచుకున్న మాట, చివరికి సెంటరంతా వినేలా అరిచి చెప్పాల్సి వచ్చింది. "వాషరు కాదు బాబాయ్. మూతలు తీసి గడ్డి కుక్కింది నేను. నీ తప్పేం లేదు."

ఎదురు టీ కొట్లో మాటలు ఆగిపోయాయి. ఆయన కంగారుగా నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"ఎందుకురా అంత గట్టిగా? ఓనరు గారి గుమాస్తా అక్కడే టీ తాగుతున్నాడు. ఉద్యోగం పోతుంది."

నాకు ఏడుపు ఆగలేదు. ఆ సాయంత్రం తాళాలు తీసుకెళ్ళి ఓనరు గారి బల్ల మీద పెట్టాను. ఆయనకు అప్పటికే తెలుసు. తాళాలు మళ్ళీ నా వైపు తోసి, "బండి దగ్గుతోందటగా. రేపు రాయప్ప దగ్గర ఆపు" అన్నారు.

మర్నాడు వెళ్ళేసరికి షెడ్డులో నేల కడిగి ఉంది. పంచె పరిచి ఉంది. ఆయన ఆడుతున్న పంపు మీద అరచెయ్యి వేసి, కళ్ళు మూసుకుని, "ఫిల్టరు" అన్నాడు. ఎలాగూ ఆగింది కదా, లోపల కూడా చూద్దామని పంపు దింపాడు. దించి నా వైపు చెయ్యి చాపాడు. జేబులోంచి జోజిబాబు మూతలు తీసి ఇచ్చాను. అయిదేళ్ళుగా అవి నా దగ్గరే ఉన్నాయి. ఒక్కొక్కటీ తుడిచి, ఒక్కొక్క కన్నానికీ బిగించాడు.

"ఇప్పుడు చెప్పులు విడిచి లోపలికి రా" అన్నాడు.