రేవులో వేయించిన దండోరా

ఫసలీ 1350 ఎండాకాలంలో, అంటే ఇప్పటి లెక్కలో 1941లో, నన్ను తుంగభద్ర ఒడ్డున ఉన్న ఒక సర్కిల్‌కు గిర్దావర్‌గా మార్చారు. అంతకు ముందు నాగర్‌కర్నూల్ వైపు మెట్ట ఊళ్ళలో పనిచేసినవాణ్ణి. నీళ్ళంటే నాకు తెలిసింది మోటబావి నీళ్ళే. ఈత రాదు. నది ఒడ్డు పోస్టింగు అనగానే చల్లటి చోటు దొరికిందని మా ఇంట్లోవాళ్ళు సంతోషపడ్డారు.

గిర్దావర్ అంటే ఈ కాలం వాళ్ళకు తెలియకపోవచ్చు. ఊరి లెక్కలు రాసే పట్వారీకి పైన, తహసీల్దారుకు కింద ఉండే రెవెన్యూ ఉద్యోగి. కొన్ని ఊళ్ళు కలిపి ఒక సర్కిల్. పట్వారీ రాసిన పంట నిజంగా చేలో ఉందా లేదా అని వెళ్ళి చూడాలి. పైనుంచి వచ్చిన హుకుంను ఊళ్ళో అమలు చేయించాలి. అమలైతే పేరు తహసీల్దారుది, కాకపోతే తిట్లు గిర్దావర్‌వి. గుర్రం మీద తిరిగేవాణ్ణి కాబట్టి ఊళ్ళోవాళ్ళు నన్ను పెద్ద దొర అనుకునేవారు. ఆ గుర్రం నా మాట వినేది కాదన్న సంగతి వాళ్ళకు తెలియదు.

నేను చేరిన కొద్ది రోజులకే ఒక ఊరి పోలీసు పటేల్ నుంచి కబురు వచ్చింది. ఊళ్ళో దొంగతనాలు, అనుమానపు చావులు పైకి తెలియజేసే బాధ్యత పోలీసు పటేల్‌ది. ఆ ఊరు గద్వాలకు, అలంపూర్‌కు నడుమ ఉందనుకుంటే చాలు. పేరు రాయను, ఆ కుటుంబంవాళ్ళు ఇంకా అక్కడే ఉన్నారు. కబురు ఏమిటంటే, రేవులో మొసలి పడింది. మొదట ఒక బర్రెదూడను లాక్కుపోయింది. తరవాత బట్టలు పిండుతున్న ఒక ముసలామె చెయ్యి పట్టింది. జనం గుంజి బయటపడేశారు గాని ఆమె బతకలేదు.

ఎండాకాలంలో తుంగభద్ర చాలా వరకు ఇసుకే. మడుగుల్లో మాత్రం లోతుగా నీళ్ళుంటాయి. మొసళ్ళన్నీ ఆ మడుగుల్లోకే చేరతాయి. మనుషులూ స్నానానికి, బట్టలకు, బిందెకు ఆ మడుగు దగ్గరికే వస్తారు. ఇద్దరికీ వేరే దారి లేదు.

తహసీల్దారు మూడు పనులు ఆజ్ఞాపించారు. రేవు మెట్లకు ముళ్ళకంప అడ్డం వేయించాలి. నీళ్ళలో దిగవద్దని దండోరా వేయించాలి. పోలీసు అమీను ద్వారా తుపాకీ ఉన్న షికారీని, అంటే వేటగాణ్ణి, పిలిపించాలి. అమీను అంటే ఇప్పటి సబ్ ఇన్‌స్పెక్టరు అనుకోండి. షికారీ గద్వాల నుంచి రావడానికి వ్యవధి పడుతుందని చెప్పి, ఈలోగా మిగతా రెండూ పూర్తి చేయమన్నారు.

దండోరాకు ఒక పద్ధతి ఉండేది. ఊరి చావడి దగ్గర ఒకసారి, హుకుం ఏ చోటికి సంబంధించిందో ఆ చోట ఇంకోసారి చాటాలి. ముందు డప్పు మోగాలి. చేతిలో పని ఆపి మనిషి నిలబడేదాకా మోగాలి. అప్పుడు హుకుం చదవాలి. తరవాత ఇద్దరు పెద్దమనుషుల చేత దండోరా జరిగిందని కాగితం మీద నిశానీ, అంటే వేలిముద్రో సంతకమో, వేయించుకోవాలి. ఈ తతంగంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. ఊళ్ళో చదువు వచ్చినవాళ్ళు పట్వారీ, పంతులు ఇద్దరే. చెవిన పడితేనే హుకుం.

నేను ఊరు చేరిన సాయంత్రం కంప కొట్టిస్తుంటే బాలమ్మ అనే ఆమె ఎదురొచ్చి నిలబడింది. ఆమె, ఆమె మగడు తిమ్మప్ప నది ఇసుకలో దోస, కర్బూజ పాదులు పెట్టుకున్నారు. మెట్ట చేను ఆ ఏడు పండలేదు. వానలు పడి నది వచ్చేలోగా ఆ పాదులు కాస్తేనే వాళ్ళకు తిండి. పాదులకు పొద్దున, సాయంత్రం కడవలతో నీళ్ళు పోయకపోతే ఆ ఎండకు ఒక్క పూటలో వాడిపోతాయి.

“నీళ్లల్ల దిగొద్దంటె ఎట్ల దొరా? పాదులకు కండ్లనీళ్లు పోయాల్నా?” అని అడిగింది.

పైన నీళ్ళు పలచగా పారే చోటు చూపించి, షికారీ వచ్చేదాకా అక్కడ ముంచుకోమని చెప్పాను. అక్కడికి, ఇక్కడికి కాలే ఇసుకలో ఎంత దూరమో నీకు తెల్వదు అన్నట్టు చూసింది. తిమ్మప్ప మాత్రం నెమ్మదస్తుడు. “సర్కారు మన మంచికే చెప్తుంది గదనే. జర ఊకో,” అని ఆమెను సముదాయించాడు. రేపు పొద్దున దండోరా అయిందంటే ఇక రేవులో దిగనని, ఆ ఒక్క పొద్దుటి నీళ్ళు మాత్రం ఇక్కడే తెచ్చుకుంటానని నాతో అన్నాడు. ఒక్క పూటే కదా అని ఊరుకున్నాను.

మర్నాడు పొద్దున చావడి దగ్గర దండోరా బాగానే జరిగింది. అక్కణ్ణుంచి రేవుకు వెళ్ళాం. డప్పు కొట్టేది సాయిలు. తాత తండ్రుల నుంచి ఆ ఊరికి డప్పు వాళ్ళదే. మెట్లకు కంప వేసే ఉంది. జనం గట్టు మీద నిలబడ్డారు. పోలీసు పటేల్ నా పక్కనే ఉన్నాడు. కంపకు అవతల, మెట్ల పక్కనే, ఇసుక వైపు నుంచి దిగి తిమ్మప్ప తొడల్లోతు నీళ్ళలో కడవ ముంచుతున్నాడు. బాలమ్మ తన కడవతో అప్పటికే ఒడ్డెక్కింది.

సాయిలు డప్పు అందుకున్నాడు. తిమ్మప్ప కడవ భుజానికి ఎత్తుకుని ఒడ్డుకు రెండడుగులు వేసినవాడు, డప్పు విని ఆగాడు. హుకుం వినాలి కదా. మా వైపు తిరిగి, వీపు నది వైపు పెట్టి నిలబడ్డాడు. బుద్ధిమంతుడు, అందరికన్నా శ్రద్ధగా వింటున్నాడని కూడా నేను అనుకున్నాను.

“ఇనుండ్రోయ్! రేవుల మొసలున్నది! ఎవ్వరు నీళ్లల్ల దిగొద్దని సర్కారు హుకుం!” అని సాయిలు చాటి, మళ్ళీ డప్పు మోగించాడు.

అప్పుడు నా పక్కన ఒక వింత జరిగింది. గట్టు మీద ముసలివాళ్ళు ఇద్దరు ముగ్గురు చేతులు జోడించారు. పోలీసు పటేల్ చెయ్యి కూడా సగం లేచింది. దండోరాకు దండం పెట్టడం నేనెప్పుడూ చూడలేదు. వాళ్ళు చూస్తున్న వైపు చూశాను. మడుగు మధ్య నుంచి నీటి మీద ఒక గీత తిన్నగా మెట్ల వైపు వస్తోంది. వెతుక్కుంటూ రావడం కాదు. కుడితి తొట్టి చప్పుడు విన్న బర్రె వచ్చినట్టు వస్తోంది. తిమ్మప్ప ఇంకా మా వైపే చూస్తున్నాడు.

నేను అరిచానో లేదో నాకు గుర్తులేదు. అతను నడుము దగ్గర విరిగినట్టు ఒక పక్కకు ఒరిగాడు. కడవ ఒలికిపోయి నీళ్ళలో పడి తేలింది. మనిషి మాత్రం మళ్ళీ పైకి రాలేదు. బాలమ్మ ఒడ్డున ఉన్న కావడి బద్ద పట్టుకుని నీళ్ళలోకి దూకింది. మొసలి ఏదో నీళ్ళేవో చూడకుండా బద్దతో కొడుతూనే ఉంది. ముగ్గురు మగవాళ్ళు పోయి ఆమెను బయటికి గుంజుకొచ్చారు. జనమంతా “కొట్టు, కొట్టు, గట్టిగ కొట్టు” అని సాయిలు మీద అరుస్తున్నారు, చప్పుడుకు మొసలి బెదిరి వదిలేస్తుందని. అతను ఏడుస్తూ కొడుతున్నాడు. గట్టు మీద కూలబడ్డాను. అంత మంది చూస్తుండగా, నీళ్ళలో దిగొద్దని చెబుతుండగానే, మనిషి పోయాడు.

శవం మర్నాడు కింది వైపు బండల్లో దొరికింది. అమీను వచ్చి పంచనామా చేశాడు. అయిదుగురు పంచుల ముందు ఎక్కడ, ఎప్పుడు, ఎట్లా జరిగిందో రాసే కాగితం అది. చూసినవాళ్ళలో నేనూ ఉన్నాను కాబట్టి నా వాంగ్మూలం కూడా తీసుకున్నాడు.

పని ముగిశాక నేను పోలీసు పటేల్‌ను అడిగాను, నిన్న చేతులు ఎందుకు జోడించారని. అతను దాచకుండా, భక్తితోనే చెప్పాడు. రెండేళ్ళుగా వానలు సరిగా లేవని ఊరు గంగమ్మకు మొక్కుకుందట. ప్రతి మంగళవారం మెట్ల మీద డప్పుతో మేకను కోసి, నెత్తురు కలిపిన పొలి అన్నమూ పేగులూ నీళ్ళలో వేస్తారట. మొదట్లో కొన్ని వారాలు ఏమీ లేదు. తరవాత గంగమ్మ వాహనమైన మొసలే వచ్చి అందుకోవడం మొదలుపెట్టిందట.

“డప్పు మోగంగనే వస్తది సారూ. మొక్కు ముట్టిందని మేం దండం పె…” అని ఆగిపోయాడు.

అతని ముఖంలో నెత్తురు లేదు. అతనే నెమ్మదిగా, “కని గది దేవుని డప్పు సారూ. గిది సర్కారు డప్పు,” అన్నాడు.

అతను అబద్ధం చెప్పడం లేదు. ఊళ్ళో ఎవరికీ ఆ రెండూ ఒకటే అన్న ఆలోచన రాలేదు. పటేల్‌కు రాలేదు, చదువుకున్న పట్వారీకి రాలేదు, డప్పు కొట్టిన సాయిలుకూ రాలేదు. వాళ్ళ మనసుల్లో రెండు డప్పులున్నాయి. ఊళ్ళో ఉన్నది ఒకటే. మొసలికి దేవుడూ తెలియదు, సర్కారూ తెలియదు, చప్పుడు తెలుసు.

ఆ వారంలో గద్వాల నుంచి షికారీ ఖాదర్ సాబ్ వచ్చాడు. మడుగు చాలా పెద్దది, మొసలి ఎక్కడ తేలుతుందో చెప్పలేమన్నాడు. తేల్చే ఉపాయం మా దగ్గర ఉందని నేను చెప్పాల్సి వచ్చింది. ఊరి పెద్దలు మొదట ఒప్పుకోలేదు. గంగమ్మ వాహనాన్ని చంపితే వానలు పడవన్నారు. సాయిలు డప్పు ముట్టనన్నాడు.

“నాతోని కాదు సారూ. నేను కొడితె ఇంకెవరో పోతరు,” అని ఒక పక్కకు పోయి కూచున్నాడు.

అతన్ని లేపింది బాలమ్మ. ఆమె రేవుకు వస్తుందని ఎవరూ అనుకోలేదు. “కొట్టు తమ్మీ. నువ్వేం జేసినవ్? అది రావాలె,” అంది. పెద్దలు ఆమె ముఖం చూసి పక్కకు తప్పుకున్నారు.

జనాన్ని ఎవరినీ గట్టు దిగనివ్వలేదు. డప్పు మోగింది. మొసలి వచ్చింది. అదే గీత, అదే దారి, అవే మెట్లు. ఖాదర్ సాబ్ రెండు గుండ్లు కాల్చాడు. దాన్ని మోకులు కట్టి ఇసుక మీదికి లాగారు. ఊరు ఊరంతా చూడడానికి వచ్చింది. బాలమ్మ దాని దగ్గరికి పోలేదు. నా దగ్గరికి వచ్చింది. నన్ను తిడుతుందనుకుని సిద్ధపడ్డాను.

“దొరా, ఒక్క మాట. ఆయన ఎక్కి వస్తనే ఉండె. డప్పు ఇని ఆగిండు,” అంది. అంతే అని, పాదుల వైపు వెళ్ళిపోయింది.

నేను అప్పటిదాకా మొసలిని పిలిచింది డప్పు అన్నంతవరకే ఆలోచించాను. మనిషిని ఆపింది కూడా ఆ డప్పే అన్నది నా బుర్రకు తట్టలేదు. అతను హుకుం వినని మొండివాడైతే మిగిలిన అడుగులు కూడా వేసి ఒడ్డున పడేవాడు.

నివేదికలో ఈ రెండు సంగతులూ రాసి పంపాను. దండోరా నియమం ప్రకారమే జరిగిందని పైనుంచి జవాబు వచ్చింది. అది నిజమే.

తరవాత నదుల పక్కన, చెరువుల పక్కన చాలా ఏళ్ళు పనిచేశాను. వరదలప్పుడు, సుడులున్న చోట, మొసళ్ళున్న మడుగుల దగ్గర ఎన్నోసార్లు హెచ్చరికలు చేయించాను. ఏ ఊరికి వెళ్ళినా నీళ్ళ దగ్గర ఏమేం జరుగుతాయో, పూజతో సహా, ముందు అడిగేవాణ్ణి. చాటించే ముందు మనుషుల్ని పంపి నీళ్ళలో ఉన్న ప్రతి ఒక్కరినీ ఒడ్డెక్కించేవాణ్ణి. ఎందుకు ఎక్కమంటున్నామో అప్పుడే చెప్పనిచ్చేవాణ్ణి కాదు, ఎక్కాకే చెప్పించేవాణ్ణి. హెచ్చరిక వినడానికి మనిషి ఆగుతాడు, మాట వినేవాడు అందరికన్నా ముందు ఆగుతాడు. కాబట్టి అతను ఆగే చోటు ఏదో చూసుకున్న తరవాతే నోరు తెరవాలి.