కర్పూరం ఆరేదాకా

మాది కడప జిల్లాలో నేతగాళ్ళ వీధి. నూలు ధర పెరిగి సగం మగ్గాలు ఆగిపోయినప్పుడు మా ఎమ్మెల్యే ఇంటింటికీ వచ్చినాడు. మొదటి ఇల్లు మాదేనని హారతి నన్ను పట్టమన్నారు.

హారతి తిప్పుతున్నంతసేపు ఎవరూ కదలరు కదా. నేను తిప్పుతానే అడిగేసినా. "అన్నా, ఓట్లప్పుడు తక్కువ ధరకు నూలిప్పిస్తానంటివి. యాడుండాది?"

ఆయన మంటనే చూస్తాండాడు. ఆయన మనిషొకడు నా పక్కకొచ్చి, "మీ ఆయన పేరేందక్కా?" అని మెల్లగా అడిగినాడు. నేను తిప్పేది ఆపేసినా. కర్పూరం ఆరింది. ఎమ్మెల్యే జవాబు చెప్పకుండానే పక్కింటికి పోయినాడు.

తర్వాత శానా దినాలు, మా ఆయన బయటికి పోతే తిరిగొచ్చేదాకా వాకిట్లోనే కూర్చునేదాన్ని. జీపు చప్పుడైతే లేచి వీధి చివరిదాకా చూసేదాన్ని. ఎవరూ రాలేదు. నూలూ రాలేదు.

మొన్న ఎమ్మెల్యే మళ్ళీ వస్తాండాడని తెలిసి తలుపేసుకోబోయినా. చూస్తే ప్రతి వాకిట్లో ఒక ఆడమనిషి హారతి పళ్ళెం పట్టుకుని నిలబడింది. "నువ్వూ తెచ్చుకో పాపా, అందరమూ అడుగుదాం" అనింది ఎదురింటి పెద్దమ్మ.

నా భయం పోలేదు. కర్పూరం మాత్రం రెండు బిళ్ళలు ఎక్కువేసుకుని బయటికొచ్చినా.