కడుపును అడిగి చెప్పే అన్న

అమీర్‌పేట హాస్టల్లో నా గదిలో ఉండే అన్నను ఏం తింటావని అడిగితే, పొట్ట మీద చెయ్యి వేసుకుని, కళ్లు మూసుకుని, "ఆగు తమ్మీ, కడుపును అడిగి చెప్త" అనేవాడు. ఆయనకు ఐబీఎస్ అనే పేగుల జబ్బు. పరీక్షల్లో పేగులు బాగానే ఉన్నాయి, అలగడం మాత్రం మానవు. ఒక వారం ఉల్లిగడ్డ, ఇంకో వారం పాలు మానేసి, ఏది పడదో ఓపికగా కనిపెట్టేవాడు. మేం బిర్యానీ తింటుంటే పక్కనే కూర్చుని పెరుగన్నం తినేవాడు, మొహంలో ఏ త్యాగమూ లేకుండా.

పంజాగుట్టలో ఇంటర్వ్యూకు ఇద్దరం వెళ్లాం. అంతకుముందు ఒకచోట ఇంటర్వ్యూ మధ్యలో లేచి బాత్రూంకు పరుగెత్తి, వచ్చే ఉద్యోగం పోగొట్టుకున్నాడాయన.

"నైట్ షిఫ్ట్ చేస్తారా?" అని ఇద్దరినీ కలిపే అడిగాడు మేనేజర్.

ప్రశ్న పూర్తికాకముందే నేను చేస్తానన్నాను. అన్న చెయ్యి పొట్ట మీదికి పోయింది. ఇదీ పోయిందనుకున్నాను.

"నాకు కడుపు జబ్బుంది సార్. టైముకు తినాలె, పండాలె. బాత్రూం దగ్గర సీటియ్యాలె. పని గురించి మాత్రం ఫికర్ చెయ్యొద్దు."

మేనేజర్ ఆలోచించాడు. "ఆ సీటు ఖాళీగనే ఉంది. ఎవ్వరూ కూర్చుంటలేరు."

అన్నకు పగటి ఉద్యోగం వచ్చింది, నాకు రాత్రిది. కొన్ని నెలలకు నా కడుపూ అలిగింది.

"అన్నా, కడుపును ఎట్ల అడగాలె?"

"ముందుగాల నువ్వు జర మాట్లాడుడు ఆపు తమ్మీ. అదే చెప్తది."