బ్రేకర్ మీద సున్నం

ఎస్సై జీపు దిగి నేరుగా మస్తాన్‌బీ ఇడ్లీ అంగడి ముందుకు వచ్చాడు. బల్ల మీద నలుగురైదుగురు తింటున్నారు. అంగడికి కొంచెం ఎగువన, ముందురోజు సాయంత్రం మోటార్‌సైకిల్ పల్టీ కొట్టిన చోట, రోడ్డు మీద గాజు పెంకులు ఇంకా అలాగే ఉన్నాయి.

“ఈ స్పీడ్ బ్రేకర్ ఎవరు వేశారు?”

ఎవరూ తల ఎత్తలేదు.

“రోడ్డు వాళ్లు మేం వెయ్యలేదన్నారు. మరి దానంతటదే మొలిచిందా?”

పెంచలనరసయ్య చెయ్యి కడుక్కుని తువ్వాలుతో మెల్లగా తుడుచుకున్నాడు. ఊళ్లో ఏ తగువైనా ఆయన అరుగు మీదే తెగుతుంది. “ఎవురేసినారో మాకేం తెలుస్తాది సార్? సున్నం మాత్రం ఈ మస్తాన్‌బీనే కొడతా ఉండాది.”

అది అబద్ధం కాదు. మస్తాన్‌బీ అవునని తల ఊపింది.

“రేపు స్టేషన్‌కి రా” అని చెప్పి ఎస్సై వెళ్లిపోయాడు.

ఆత్మకూరు నుంచి ఉదయగిరి పోయే రోడ్డు పడమటిపాళెం మధ్యలోంచి పోతుంది. ఇళ్లన్నీ ఒక పక్క, బడి ఇంకో పక్క. రోడ్డు వెడల్పు చేశాక కంకర టిప్పర్లకు అడ్డూ ఆపూ లేకుండా పోయింది. రెండేళ్ల కిందట బడి వదిలే వేళ నాగులమ్మ కూతురు లిఖిత రోడ్డు దాటబోయి టిప్పర్ కింద పడింది. నాలుగో తరగతి పిల్ల. ఇడ్లీ పాత్ర మీద కప్పే తెల్లగుడ్డ తెచ్చి ఆ పిల్ల మీద కప్పింది మస్తాన్‌బీయే.

లారీ తోలే మొగుడికి చూపు మందగించి ఇంట్లో కూర్చున్నాక ఆమె ఈ అంగడి పెట్టింది. ముసలివాళ్లకు పింఛను ఆగినా, వీధి కుళాయి ఎండిపోయినా ముందు కదిలేది ఆమే. “నీకెందుకు మే ఇయన్నీ?” అని ఎవరన్నా అంటే, “నాకు గాక ఇంకెవురికి?” అనేది. ఆ మాట అనడం ఆమెకు ఇష్టం కూడా. ఒకరిని బతిమాలి పని చేయించడం కంటే తానే చేసుకోవడం సులువనుకునే మనిషి.

లిఖిత పోయాక ఆమె అర్జీలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగింది. ఒకచోట ఇది మా పరిధిలోది కాదన్నారు. ఇంకోచోట ఎస్టిమేట్ పైకి పంపామన్నారు. చివరికి ఒక ఆదివారం ఊరే కలిసి బ్రేకర్ వేసుకుంది. పెంచలనరసయ్య తన ట్రాక్టరుతో ఇసుక, కంకర తోలించాడు. సిమెంటు తలా ఒక బస్తా. ఆడవాళ్లు గంపలు మోశారు. నాగులమ్మ కూడా మోసింది. ఏడవలేదు, ఎవరితోనూ మాట్లాడలేదు.

వేసింది కొంచెం ఎత్తే అయింది. కానీ టిప్పర్లు వేగం తగ్గించి, మెల్లగా ఎక్కి దిగి పోసాగాయి. కొత్తలో పదిమందీ దానికి సున్నం పూశారు. తర్వాత ఐదుగురు, తర్వాత మస్తాన్‌బీ ఒక్కతే. శుక్రవారం అంగడి తొందరగా కట్టేస్తుంది కాబట్టి ఆ పూట బక్కెట్టులో సున్నం కలుపుకుని, కొబ్బరి పీచుతో పట్టీలు గీసేది. దారిన పోయేవాళ్లు, “ఏంది మస్తాన్‌బీ, మీ ఇంటి గడపకి ముగ్గా?” అని ఎగతాళి చేసేవాళ్లు. ఆమె కూడా నవ్వేది.

ఈ వానాకాలం ఆమెకు విషజ్వరం వచ్చింది. కీళ్లు పట్టేసి మంచం దిగలేకపోయింది. వానలకు సున్నం కరిగిపోయి బ్రేకర్ రోడ్డు రంగులో కలిసిపోయింది. పోయేవాళ్లూ వచ్చేవాళ్లూ అందరూ చూశారు. బండి నెమ్మది చేసుకుని దాటుకుని పోయారు. అది ఎక్కడుందో ఊళ్లోవాళ్లకు తెలుసు.

సీతారామపురం వైపు కుర్రాడు సందీప్‌కు తెలియదు. ఆత్మకూరులో సెల్‌ఫోన్ల అంగట్లో కొత్తగా చేరాడు. సన్నటి తుంపరలో ఇంటికి పోతూ దాని మీద ఎగిరి పడ్డాడు. చప్పుడుకు మస్తాన్‌బీ గోడ పట్టుకుని బయటికి వచ్చేసరికి అతని ప్రాణం పోయింది. ఎస్సై వస్తాడని తెలిసే మర్నాడు ఆమె అంగడి తెరిచింది. మూసి ఉంటే పారిపోయిందంటారని.

ఎస్సై వెళ్లినాక బల్ల ఖాళీ అయింది. పెంచలనరసయ్య ఒక్కడే మిగిలాడు.

“నా మాట పట్టించుకోమాక. లాయర్ని నేను జూస్తా. నా ట్రాక్టరు మాట మాత్రం ఎత్తొద్దు. ఆడదానివి, పెద్దదానివి, నిన్నేం జేస్తారు?”

“నీ పేరు జెప్తే నిన్నేం జేస్తారన్నా?”

ఆయన తువ్వాలు భుజాన వేసుకుని లేచాడు.

మరుసటిరోజు స్టేషన్ బయట బల్ల మీద ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. చొక్కా గుండీలు వంకరగా పెట్టుకున్నాడు. పక్కన కూర్చున్నాక తెలిసింది, సందీప్ తండ్రి చెంచురామయ్య అని. పోస్టుమార్టం కాగితం కోసం వచ్చాడట.

“మీది ఆ ఊరేనామ్మా?”

“ఆ ఊరే.”

“ఎందుకేసినారమ్మా దాన్ని?”

ఆమె లిఖిత సంగతి చెప్పింది. ఆఫీసుల సంగతి చెప్పింది. ఆయన వింటూ తల ఊపాడు, తనకు కూడా ఆ ఆఫీసులన్నీ తెలిసినట్టు.

“సున్నం కొట్టేది నేనే నాయనా. జరమొచ్చి పడుకుంటి. అందుకే వాడికి కనపళ్ళేదు.”

చెంచురామయ్య ఆమె వైపు తిరిగాడు. ఆయన ముఖంలో కోపం లేదు.

“మీ ఊర్లో ఇంకెవురూ లేరా అమ్మా?”

లోపల ఎస్సై పెన్ను తీశాడు. “ఎవరెవరు వేశారో చెప్పు.”

“అందరం ఏసినాం సార్.”

“అందరూ అని రాయడానికి లేదు. పేర్లు కావాలి.”

మస్తాన్‌బీ ముందు తన పేరు చెప్పింది. తర్వాత పెంచలనరసయ్య పేరు చెప్పింది. ఆయన ట్రాక్టరు, ఆయన కంకర, ఆయన నిలబడి చేయించిన పని అన్నీ చెప్పింది. పెన్ను ఆగిపోయింది.

“ఆయన పొద్దున్నే ఫోన్ చేశాడులే. ఆయన పేరు వద్దు. ఇంకెవరు?”

“ఆయన వద్దంటే ఇంకెవురూ లేరు సార్.”

ఆమె ఒక్క పేరే రాసుకుని చేతికి నోటీసు ఇచ్చారు. పిలిచినప్పుడల్లా రావాలన్నారు.

తర్వాతి పొద్దున బ్రేకర్ తీయడానికి జేసీబీ వచ్చింది. పక్కన ఒక కానిస్టేబుల్. జనం రోడ్డుకు రెండు పక్కలా నిలబడ్డారు. డ్రైవరుకు ఎక్కడ తవ్వాలో పెంచలనరసయ్య చెయ్యి చూపించి చెప్తున్నాడు. రెండు వైపులా టిప్పర్లు ఆగి హారన్లు కొడుతున్నాయి.

నాగులమ్మ కొడుకును చెయ్యి పట్టుకుని బడికి తీసుకొస్తోంది. లిఖిత పోయినప్పటి నుంచి, గంపలు మోసిన ఆ ఆదివారం తప్ప, ఆమె ఈ చోటు మీదుగా నడవలేదు. చెరువు కట్ట దిగి చుట్టు తిరిగి దాటిస్తుంది. ఆ రోజు పిల్లవాణ్ని రోడ్డు వారన వదిలి నేరుగా వచ్చి జేసీబీ ముందర నిలబడింది.

“నేను గంపలు మోసినా. నా పేరు గూడా రాసుకోండి. దీన్ని తియ్యొద్దు.”

“పోమ్మా, పని జరగనీ” అన్నాడు కానిస్టేబుల్.

మస్తాన్‌బీ కాళ్లీడ్చుకుంటూ వెళ్లి ఆమె రెక్క పట్టుకుంది. “రా మే. తియ్యనీ.”

“నువ్వేందక్కా ఇట్టంటావు?”

“ఒక మనిషి పడుకుంటే సున్నం కొట్టే దిక్కులేని ఊరికి బ్రేకర్ వద్దు. ఇంకో తల్లి బిడ్డ పోతాడు.”

నాగులమ్మ చెయ్యి విడిపించుకుంది. “నన్నడిగినావా?”

“ఏంది?”

“పక్క వీధిలోనే ఉండానే. ఒక్క తూరన్నా వచ్చి, నాగులమ్మా, నాకు జరం, నువ్వు కొట్టు అని జెప్పినావా?”

“నీ బిడ్డ పడిన చోట నిన్నెట్టా కొట్టమనేది?”

“ఆ చోటు గాబట్టే కొట్టేదాన్ని.”

జేసీబీ పళ్లు బ్రేకర్ కిందికి దిగి ఒక పెళ్ల లేపాయి. సిమెంటు గట్టిగానే ఉంది. డ్రైవరు వెనక్కి పోయి మళ్లీ గుచ్చాల్సి వచ్చింది. అది చూసి గుంపులో ఎవరో, “మనోళ్ల పని గట్టిదే రా” అన్నారు. ఇద్దరు ముగ్గురు నవ్వి, మస్తాన్‌బీని చూసి ఆపేశారు.

పెళ్లలు పక్కకు నెట్టాక కానిస్టేబుల్ చెయ్యి ఊపాడు. మొదటి టిప్పర్ కదిలింది. గుంత దగ్గర ఒక్కసారి ఊగి వేగం అందుకుంది. దాని వెనకే రెండోది. జనం ఎవరి పనికి వాళ్లు వెళ్లిపోయారు. అవతల బడి గంట మోగింది. నాగులమ్మ పిల్లవాడి చెయ్యి ఒకటి తాను పట్టుకుని, రెండో చెయ్యి మస్తాన్‌బీకి అందించింది. ముగ్గురూ దాటడానికి రోడ్డు వారన నిలబడ్డారు. ఆత్మకూరు వైపు నుంచి ఇంకా టిప్పర్లు వస్తూనే ఉన్నాయి.