డ్రైవరు సీటు వెనక ప్లాస్టిక్ పలక

కరోనా రెండోసారి విరుచుకుపడ్డ వేసవిలో నేను గోదావరిఖనిలో గని వాహనాల వర్క్‌షాపు ఇన్‌చార్జి ఇంజనీరుని. ఊపిరాడని కార్మికులను దవాఖానకు చేర్చడానికి అంబులెన్సులు చాలక, ఆఫీసు కారొకటి మాకు పంపారు. డ్రైవరుకూ వెనక సీటుకూ మధ్య గాలి చొరబడకుండా యాక్రిలిక్ షీటు, అంటే అద్దంలా కనిపించే ప్లాస్టిక్ పలక, బిగించి ఇవ్వాలి.

సీనియర్ ఫిట్టర్ యేసయ్య తెల్లవారగానే పనికి దిగాడు. ముందు అట్టతో నమూనా కోసి కారులో సరిచూశాడు. దాన్ని షీటు మీద పెట్టి గీత గీసి, సన్నపళ్ల రంపంతో కోసి, అంచులు ఆకురాయితో రుద్దాడు. గీతలు పడకుండా షీటుకు అంటించి వచ్చే కాగితాన్ని చివరిదాకా తియ్యలేదు. కారులో బిగించిన ఇనుప చట్రం పట్టీలో పలక అతికినట్టు కూర్చుంది.

మధ్యాహ్నం చూస్తే, ఎండలో నిలిపిన కారులో పలక విల్లులా వంగి, ఒక పక్క పట్టీలోంచి బయటికొచ్చింది. కొలత తప్పిందేమోనని యేసయ్య, చట్రం ఒరిగిందేమోనని నేను అనుకున్నాం. అప్పటికప్పుడు అంచు అరగదీసి కూర్చోబెట్టాం. మర్నాడు పొద్దున ఆ అంచున సందు కనబడింది. నిన్న పట్టని పలక ఇవాళ చాలకపోవడమేమిటో మా ఇద్దరికీ అంతుబట్టలేదు.

డ్రైవరు సమ్మయ్య సందులో కాగితం ముక్క దూర్చి చూశాడు. "ఇంట్ల పసిపిల్ల ఉన్నది సార్. సందుంటె నేను బండెక్క," అన్నాడు. అతని మాటలో తప్పు లేదు.

అంతలో కమాన్‌పూర్ నుంచి ఫోను. మా గనిలో నీళ్లు తోడే పంపు ఆపరేటరు కూతురు మాట్లాడుతోంది. నా రెండు చేతులకూ ప్లాస్టిక్ పొడి ఉండటంతో స్పీకరు పెట్టాను. "నాయన మాట్లాడుతలేడు సార్. జల్ది రాండ్రి."

సమ్మయ్య సందులోంచి కాగితం ముక్క తీసేశాడు. తర్వాత యేసయ్యతో, "టేపు వెయ్యి కాక, పోయొస్త," అన్నాడు.

రోగిని దవాఖానలో దించి, అక్కడే ఎండలో కొంతసేపు ఆగి, మధ్యాహ్నానికి తిరిగొచ్చాడు. "గిదేంది, టేపు ముడుతలు పడ్డది," అన్నాడు. వంగి చూస్తే సందు లేదు. పలక మీద చెయ్యి పెట్టి వెంటనే తీసేశాను, అంత వేడి. దాన్ని విప్పి వేడిగా ఉండగానే కొలిచి, నీడలో పెట్టి, తడిగుడ్డతో చల్లబరిచి మళ్లీ కొలిచాం. పొడవు తగ్గింది. ఇనుము కంటే ప్లాస్టిక్ వేడికి చాలా ఎక్కువ సాగుతుందని చదువుకున్న మాటే, కానీ కారులో కూర్చున్న ఎండను నేను లెక్కలోకి తీసుకోలేదు.

పట్టీకి లోతైన గాడి ఉన్న రబ్బరు బీడింగు తొడిగి, పలకకు ఆ గాడిలో కదలడానికి చోటిచ్చి బిగించాం. తర్వాత వంగలేదు, సందూ రాలేదు.

"నేను పోయినప్పుడు సందు ఉండెనా, లేకుండెనా సార్?" అని సమ్మయ్య అడిగాడు. పోయేటప్పుడు ఉంది, ఎండెక్కాక మూసుకుంది. రోగి ఎక్కినప్పుడు ఎట్లా ఉందో చెప్పలేకపోయాను. పరీక్షలో కరోనా లేదని తేలేదాకా అతను ఇంటికి పోకుండా వర్క్‌షాపు గదిలోనే పడుకున్నాడు. పంపు ఆపరేటరు కోలుకుని డ్యూటీ ఎక్కాడు.

ప్లాస్టిక్ పలకను చట్రానికి సరిగ్గా సరిపోయేలా కొయ్యకూడదు. కొంచెం తగ్గించి కోసి, మిగిలిన చోటును రబ్బరుకు వదలాలి. కొలత రాసేటప్పుడు అది చల్లగా ఉందో వేడిగా ఉందో కూడా పక్కన రాయాలి.