చెరుకు బళ్ళ దగ్గర లేనివాళ్ళు

బెంజ్ సర్కిల్ పక్క సందులో చెరుకురసం బండి ఒకటుంది. అల్లం ముక్క, నిమ్మచెక్క పెట్టి గడను మడిచి మిషన్‌లోకి తోస్తుంటే వచ్చే ఆ పచ్చి వాసనకు, డాక్టరు వద్దన్నా సరే, అప్పుడప్పుడూ అక్కడ ఆగిపోతాను. మొన్న గ్లాసు అందిస్తూ బండాయన, "మన రసం బాలేదన్నవాళ్ళు ఇంతవరకూ లేరండీ. ఇక్కడున్నవాళ్ళని ఎవర్నైనా అడగండి," అన్నాడు. చుట్టూ చూశాను. అడగడానికి ఉన్న ప్రతివాళ్ళ చేతిలోనూ గ్లాసుంది. నాకు నవ్వాగలేదు. ఆయన ఏమనుకున్నాడో ఏమో, నా గ్లాసులో ఇంకాస్త పోశాడు. ఆ నవ్వు వెనకే సలోమి మేడమ్ గుర్తొచ్చి కళ్ళు చెమ్మగిల్లాయి.

డెబ్బయ్యవ దశకంలో నేను విజయవాడలో ఎమ్మే ఎకనామిక్స్ చదువుతున్నప్పుడు ఆవిడ మా లెక్చరర్. గుణదలలో ఒక్కరే ఉండేవారు. గంజి పెట్టిన నేత చీర, చేతికి మగవాళ్ళు పెట్టుకునేంత పెద్ద వాచీ. గొంతు పెంచడం ఎరగరు. మాలో ఎవరైనా ఏదైనా ధీమాగా చెబితే, "అలాగా. నీకెలా తెలుసు?" అనేవారు. పుస్తకంలో ఉందంటే, రాసినాయనకు ఎలా తెలిసిందో కూడా అందులో ఉందా అని అడిగేవారు. నిజంగా తెలుసుకుందామనే అడిగేవారు గానీ, మా దగ్గర జవాబుండదు కాబట్టి మాకది వెటకారంలాగే వినపడేది. వెనక బెంచీవాళ్ళు ఆవిడకు 'ఎలాతెలుసు గారు' అని పేరు కూడా పెట్టేశారు. ఇది చాలదన్నట్టు, మేం రాసే ప్రతి వ్యాసం చివరా 'ఎదుటివాడి పేజీ' అని ఒకటి రాయించేవారు. మన వాదన తప్పని నమ్మే మనిషి ఏమంటాడో, అతనికి పరువు తక్కువ కాకుండా మనమే రాయాలి. ఆ పేజీ అంటే నాకు ఒళ్ళుమంట. నా మాట నేను గెలిపించుకోవాలి గానీ, నాతో పోట్లాడేవాడికి నేనెందుకు సాయం చెయ్యాలి?

చివరి ఏడాది ఒక పరిశోధనా వ్యాసం రాయాలి. మాది ఉయ్యూరు పక్క పల్లె. మా వైపు కొందరు రైతులు వరి మానేసి చెరుక్కి మారారు, కొందరు మారలేదు. ఎందుకని? ఇదీ నా విషయం. మా నాన్న ఒక్క ముక్కలో తేల్చేశారు. ముందుచూపున్నవాడు చెరుకేశాడు, బద్ధకస్తుడు వరి పట్టుకుని వేలాడుతున్నాడు, అంతే. ఆయనే ఇంకో మాట కూడా చెప్పి ఉన్నారు. ఈ వ్యాసం బాగుందనిపించుకుని యూనివర్సిటీలో రీసెర్చి సీటొస్తే పంపిస్తాను, లేదంటే చదువు ఇక్కడితో ఆపి ఇంటికొచ్చెయ్యమని. నాకా సీటు తప్ప వేరే ధ్యాస లేదు.

చెరుకు నరికే రోజుల్లో ఉయ్యూరు చక్కెర ఫ్యాక్టరీ గేటు ముందు కాటా కోసం ఎడ్లబళ్ళు బారులు తీరి ఉండేవి. తమ బండి తూకానికి వచ్చేదాకా రైతులు కాడి దించి, బండి నీడన ఊరికే కూర్చునేవాళ్ళు. ప్రశ్నలడగడానికి ఇంతకంటే మంచి చోటెక్కడ దొరుకుతుందని నేను తెగ మురిసిపోయాను. సెలవలన్నీ అక్కడే గడిపాను. అందరూ పోటీలు పడి జవాబులు చెప్పారు, తినమని చెరుకు ముక్కలూ ఇచ్చారు. చెరుకే మేలన్నారు, వరివాళ్ళకు చొరవ లేదన్నారు. మా నాన్న మాట అక్షరాలా నిజమైంది. సంబరంగా రాసి పట్టుకెళ్ళాను.

మేడమ్ చివరిదాకా చదివి కళ్ళజోడు తీశారు.

"కాటా దగ్గరే అడిగావా అందర్నీ?"

"అవునండీ. అందరూ ఒకే మాట చెప్పారండీ."

"చెబుతారు. చెరుకు పండించినవాడే కదమ్మా కాటాకొచ్చేది. వరి వేసినవాడికి అక్కడేం పని?"

నా ప్రాణం ఉసూరుమంది. ఇంత చిన్న సంగతి నాకెందుకు తట్టలేదా అని సిగ్గూ, తట్టించినందుకు ఆవిడ మీద కోపమూ. ఆ శనివారం ఉయ్యూరు బస్సులో కూర్చుని దారి పొడవునా ఆవిణ్ణి తిట్టుకున్నాను. కానీ దిగాక మాత్రం కాటా వైపు పోలేదు, నూర్పిళ్ళు జరుగుతున్న కళ్ళాల వైపు నడిచాను.

వరివాళ్ళలో ఎక్కువమంది కౌలు రైతులు. ఒక్కొక్కరి మాటలు వేరైనా సంగతి ఒక్కటే. మా పొలమే కౌలుకు చేస్తున్న కోటమ్మ అందరికంటే సూటిగా చెప్పింది. చెరుకు నాటితే ఏడాదంతా చేను కదలదు. మొదటి ఏడు ఖర్చులకే సరి. నరికిన మొదళ్ళ నుంచి రెండో ఏడు మళ్ళీ చిగురించే కార్శి పంటలోనే నాలుగు రాళ్ళు మిగిలేది. "వచ్చే ఏడు ఈ చేను మాకిత్తారో ఇంకోళ్ళకిత్తారో తెలవదు కదమ్మా. ఎట్టా వేత్తాం చెరుకు?" అంది. ఏటేటా కౌలుదారును మార్చేది ఎవరో కాదు, మా నాన్నే.

ఇక నాకు దిక్కు తోచలేదు. ఉన్నదున్నట్టు రాస్తే నాన్నకు కోపం వస్తుంది, చదువు ఆగిపోతుంది. రాయకపోతే వ్యాసమే లేదు. మేడమ్ దగ్గరికెళ్ళి ఏడ్చినంత పని చేశాను. ఆవిడ ధైర్యవచనాలేమీ చెప్పలేదు. "ఎదుటివాడి పేజీ ఈసారి మీ నాన్నగారిది. ఆయన్ని అడగకుండా రాయకు. కౌలు రైతుల్ని అడగకుండా రాయడం ఎంత తప్పో ఇదీ అంతే," అన్నారు.

మర్నాడు పొద్దున నాన్న అరుగు మీద అద్దం పెట్టుకుని గడ్డం గీసుకుంటుంటే పక్కన కూర్చున్నాను. కౌలుదార్లని ఏటా ఎందుకు మారుస్తారు నాన్నా అని అడిగాను. కత్తి ఆగింది. ఎవరు నేర్పారీ ప్రశ్న అంటారనుకున్నాను. అనలేదు. అద్దంలోకి చూస్తూనే చెప్పారు.

"భయమమ్మాయ్. వరసగా ఒక్కడికే ఇస్తే చేను నాదంటాడేమోనని. చట్టాలు మారతాయంటున్నారు. మా నాన్న ఇచ్చింది నా చేతిలో పోకూడదు కదా."

"మరి బద్ధకం అన్నారు?"

"అలా అనుకుంటే తేలిగ్గా ఉంటుంది." నురగ తుడుచుకుని నా వైపు తిరిగారు. "రాసుకో. కానీ నా భయం కూడా రాయి. సగం రాయకు."

మా నాన్నను అంతగా ప్రేమించిన క్షణం నా జీవితంలో ఇంకొకటి లేదు. మేడమ్ పట్టుబట్టి ఆయన దగ్గరికి పంపించకపోతే ఆ మనిషి నాకు తెలిసేవారే కాదు.

వ్యాసం తిరగరాసి ఇవ్వడానికి గుణదల వెళ్ళేసరికి మేరీమాత తిరునాళ్ళు. వీధంతా కొవ్వొత్తుల వాసన, గుండు కొట్టించుకున్న తలలు, కొబ్బరికాయలు పట్టుకుని కొండెక్కుతున్న జనం. మేడమ్ వరండాలో కూర్చుని ముందు నాన్న పేజీ చదివారు, తర్వాత మిగతాదంతా. బాగుందని ఆవిడ నోట మొదటిసారి విన్నాను. ఆ సంతోషంలోనే కాబోలు, జనం వైపు చెయ్యి చూపించి, క్లాసులో ఎప్పుడూ చెప్పే ఉదాహరణ మళ్ళీ ఎత్తుకున్నారు. వీళ్ళని అడిగితే మొక్కు తీరిందనే అంటారు, తీరనివాళ్ళు మళ్ళీ రారు కాబట్టి వాళ్ళ మాట మనకు వినపడదు అని.

నా నోరు ఊరుకోలేదు. "తీరనివాళ్ళు రారని మీకెలా తెలుసండీ?"

మేడమ్ నా వ్యాసం మూసి పక్కన పెట్టారు.

"మా తమ్ముడి ప్రాణం కోసం మొక్కుకున్నాను. వాడు దక్కలేదు," అన్నారు నెమ్మదిగా. "అయినా ఏటా కొండెక్కుతూనే ఉన్నాను. ఇన్నేళ్ళూ ఈ ఉదాహరణ చెబుతూ నన్ను నేను లెక్కలో వేసుకోలేదు చూడు. బాగా అడిగావమ్మా."

లోపలికెళ్ళి రెండు కొవ్వొత్తులు తెచ్చి ఒకటి నా చేతికిచ్చారు. ఇద్దరం కలిసి కొండెక్కాం.

సీటొచ్చింది. నాన్నే రైలెక్కించారు. తర్వాత నేనూ పాఠాలు చెప్పాను. నా విద్యార్థుల చేత ఎదుటివాడి పేజీ రాయించి వాళ్ళ తిట్లూ తిన్నాను. ఎక్కడైనా అందరూ ఒకే మాట అంటుంటే, ఇక్కడికి రానివాళ్ళెవరా అని వెతుక్కోవడం నాకింకా పోలేదు. చాలా ఏళ్ళు పాఠాలు చెప్పాక ఒకరోజు ముందు వరసలో పిల్ల లేచి, రానివాళ్ళ గురించి నేను ఎప్పుడూ చెప్పే మాట మీదే, "మీకెలా తెలుసండీ?" అంది. బాగా అడిగావమ్మా అని చెప్పి, ఆ సాయంత్రం గుణదల బస్సెక్కాను. మేడమ్ పోయి అప్పటికి చాలా కాలమైంది, ఆ ఇంట్లో వేరేవాళ్ళెవరో ఉంటున్నారు. ఈ సంగతి చెప్పుకోవడానికి అక్కడెవరూ ఉండరని తెలుసు. అయినా వెళ్ళాను.