గోడవైపు తిరిగి

కొరియాలోని బుసాన్ చేపల బజారులో దూసిక్‌ని చూస్తే, ఏదో పారేసుకుని వెతుక్కుంటున్నాడేమో అనిపిస్తుంది. ఓడలకు రంగులేసే మనిషి. గోళ్ళ సందుల్లోని ఎర్రరంగు ఎంత రుద్దినా పోదు. ఒకచోట నిలబడలేడు. కాలరు సర్దుకుంటాడు, ఊడని బూటు లేసులు విప్పి మళ్ళీ కడతాడు, చేతులు జేబుల్లో పెట్టి వెంటనే తీసేస్తాడు. తాగుడు మానినవాళ్ళు ఈ వీధిలోనే ఏదో మేడమీద కలుస్తారని విన్నాడు. ఎక్కడని అడగడానికి నోరు రాక, వారాలుగా ఎండుచేపల కొట్టు ముందే తచ్చాడుతున్నాడు.

"కొంటావా, కాపలా కాస్తావా?" అంది కొట్టు ముసలమ్మ. "మానేసేవాళ్ళు పైన ఉంటారు. మెట్లు నా వెనకే. అందరూ ముందు నా చేపల్ని చూసి పైకెక్కినవాళ్ళేలే."

పైన కొందరు నేలమీద చుట్టూ కూర్చుని ఉన్నారు. తల నెరిసిన పెద్దాయన సారాకొట్లలో వాడే రకం సొట్టల కెటిల్ వంచి గ్లాసు నింపాడు. దూసిక్ రెండు చేతులతో అందుకుని, పెద్దల ముందు మందు తాగే మర్యాద ప్రకారం మొహం గోడవైపు తిప్పి, ఒక్క గుక్కలో తాగేసి, గొంతు మండినట్టు 'హా' అన్నాడు. అప్పుడు తెలిసింది, అవి బార్లీ నీళ్ళని. చెవులదాకా ఎర్రబడి, గుమ్మంలో విడిచిన బూట్లవైపు చూశాడు.

"కూర్చో తమ్ముడూ," అన్నాడు పెద్దాయన, నవ్వకుండా. "ఆ గోడని మేమందరం చూసినవాళ్ళమే. నీళ్ళకి మొహం తిప్పక్కర్లేదు."

కెటిల్ మళ్ళీ వంగింది. దూసిక్ మోకాలు ఆడుతూనే ఉంది గాని, ఈసారి తల తిప్పకుండా, ఎదురుగా ఉన్న మనిషి మొహంలోకి చూస్తూ తాగాడు.